కిందికి రాని ట్యాంకరు నీళ్లు

ఎండాకాలంలో బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకుని, కార్తీకమాసం రాగానే అవే నీళ్లను చీపుర్లతో ఇంట్లోంచి తోసుకుంటూ బతికిన కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలోనే తిరుపతిలో ఒక చిన్న పత్రికలో నాకు విలేకరి ఉద్యోగం దొరికింది. సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులో పైకి కనపడేలా పెట్టుకునే రోజులు. నాకు సెల్‌ఫోను లేదు కాబట్టి ఆ జేబులో రెండు పెన్నులు పెట్టుకునేవాణ్ని (ఒకటి రాయడానికి, రెండోది చూసేవాళ్ల కోసం). ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద జాలి కలగాలి. అసూయ కలుగుతోంది. ఎందుకంటే వాడికి పొద్దున్నే లేవగానే అత్త చేతి కారందోసె దొరికేది.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. మామ పోయినాక ఇంటి ముందు పంచలో (వీధి వైపు వరండాను మా వైపు అట్లాగే అంటారు) రెండు పొయ్యిలు, ఒక పెద్ద పెనం, ఒక బెంచీ వేసి టిఫిన్ కొట్టు పెట్టుకుంది. కొడుకును చదివించిందీ, ఆమెను తలెత్తుకుని నిలబెట్టిందీ ఆ పంచే. నేను లోపలి గదిలో ఉచితంగా ఉంటూ, పత్రికా రంగానికి చేస్తున్న సేవకు అది తగిన గౌరవమే అనుకునేవాణ్ని. మా వీధి కొండ వైపు మొదలై కిందికి జారుతుంది. అన్నిటికంటే కింద ఉన్న ఇల్లు అత్తది. తుఫాను పట్టిందంటే పైన పడ్డ వానంతా ఎవరో అడ్రసు చెప్పి పంపినట్టు నేరుగా మా గుమ్మానికి వచ్చేది. బియ్యం మూటలు మంచమెక్కేవి, మేము ఎదురింటి మిద్దె ఎక్కేవాళ్లం. ఆ మిద్దె మీద సగం వీధి చేరేది. ఒకరింటి అన్నం, ఇంకొకరింటి పప్పు, అందరి గొంతులూ ఒకేసారి. తడిసిన దుప్పటి కప్పుకుని, తడవని దుప్పటి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ, ఇంత సంతోషంగా ఎందుకుందో తెలియక కూర్చునేవాణ్ని.

మునిసిపాలిటీ వాళ్లకు చివరికి మా మీద దయ కలిగింది. ఒక సాయంత్రం వీధిలోనే కుర్చీలు వేయించి, ఇంజినీరు మూడు దారులు చెప్పాడు. మొదటిది, రోడ్డు పక్క కాలువను పై నుంచి కింది దాకా వెడల్పు చేసి సిమెంటుతో కట్టడం. రెండోది, వెనకటి వంకను మళ్లీ తవ్వి వాన నీళ్లను చెరువుకు మళ్లించడం. మూడోది, ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వి, ఎవరి మిద్దె మీద పడ్డ వానను వాళ్లే తమ నేలలోకి దించుకోవడం. ఇంజినీరు ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరు మనిషి. విరిగిన చెయ్యిని పట్టుకున్నంత జాగ్రత్తగా ఒక్కొక్క దారినీ పట్టుకుని మంచీ చెడూ విప్పి చెప్పాడు. వంక సంగతి అక్కడికక్కడే తేలిపోయింది. వంక ఉండాల్సిన చోట కల్యాణ మండపం ఉంది, తవ్వాలంటే ముందు పెళ్లిళ్లు ఆపాలి. ఇంకుడు గుంతలనేసరికి అందరూ నవ్వారు. మిగిలింది కాలువ. దానికి పెద్ద మద్దతుదారు వీధి పై కొసన ఉండే రైల్వే మామ. స్టేషనులో పని చేసి రిటైరైన మనిషి, దేన్ని చూసినా తన ముందు నిలబడకుండా పంపించేయాలనే అనుకునేవాడు.

“నీళ్లు సర్రున పోవాలప్పా, యాడా ఆగకూడదు!” అన్నాడు లేచి నిలబడి.

“యాడికి పోవాల మామా?” అన్నాను.

“కిందికి.”

“కింద మా అత్త ఉండాది.”

“అందరికీ మంచి జరిగేటప్పుడు ఒకరు సర్దుకోవాల గదబ్బోడా.”

సర్దుకోవడమంటే ఏమిటో ఇంజినీరు కాగితం మీద చూపించాడు. వెడల్పు చేసే కాలువ సరిగ్గా అత్త పంచ మీదుగా పోతుంది. పొయ్యిలు, పెనం, బెంచీ, అన్నీ ఆ గీత లోపలే ఉన్నాయి. అత్త ఆ గీత మీద వేలు పెట్టి, “నేను నడింట్లో దోసెలు పోస్తే తినేదానికి లోపలికి ఎవురొస్తారు సారూ?” అని మాత్రం అడిగింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు పొద్దున దోసెలు మాడాయి. నేను ఆ ఇంట్లో చేరినాక అది మొదటిసారి.

ఇక ఈ వీధిని కాపాడవలసింది నేనే అనుకున్నాను. మూడు దారులనూ పక్కపక్కన పెట్టి పోలుస్తూ పెద్ద వ్యాసం రాశాను. కాలువను ఎంత వెడల్పు చేసినా, చివర రోడ్డు కింద ఉన్న తూము ఇరుకే గనక నీళ్లన్నీ మరింత వేగంగా వచ్చి అత్త గుమ్మం ముందే నిలబడతాయన్నది నా వాదన. డెస్కులో మేమంతా కత్తెరన్న అని పిలుచుకునే సబ్ ఎడిటర్ దాన్ని చదివి, “బాగుండాది. చానా బాగుండాది. పేపర్లో జాగా లేదు,” అన్నాడు. తెల్లారి అది చిన్న వార్తగా వచ్చింది. శీర్షిక ‘కాలువ విస్తరణకు వీధివాసుల హర్షం’. దోసెకు వచ్చిన ఒకాయన దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. అత్త విని, నా దోసె మీద కారం పూయకుండా పెట్టింది. (కోపంలో తిడితే భరించవచ్చు. చప్పిడి దోసెను భరించడం కష్టం.)

రాసి ఒప్పించలేనిది చూపించి ఒప్పిద్దామని ఇంజినీరు దగ్గరికి పోయాను. పై కొసన ఒక ట్యాంకరు నీళ్లు వదిలితే, అవి కిందికొచ్చి తూము దగ్గర ఎట్లా అడ్డం పడతాయో ఆయనే చూడవచ్చని బతిమాలాను. వీధి వాటం ఎట్లాగూ చూసుకోవాలి గనక సరేనన్నాడు. అది మే నెల. కుళాయికి నీళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. వరద తెప్పించే ఉత్సాహంలో ఆ సంగతే నాకు గుర్తులేదు.

ఆ రోజు అత్త బియ్యం మూటను మంచమెక్కించింది, పిండి గిన్నెలను బెంచీ ఎక్కించింది, కొంగు నడుముకు బిగించి నిలబడింది. తన ఇంటి ముందుకు నీళ్లు రావాలని ఆమె కొండ వైపు తిరిగి దండం పెట్టుకోవడం అప్పుడే చూశాను. నేను, ఇంజినీరు, అత్త తూము దగ్గర కాచుకున్నాం. పైన ట్యాంకరు హారను మోగింది. “ఇడిసినారోయ్!” అని కేక వినపడింది. నీళ్లు రాలేదు. బిందెల చప్పుడు వచ్చింది.

పైకి చూస్తే ట్యాంకరు గొట్టం కింద వీధి ఆడవాళ్లంతా ఉన్నారు. అందరికంటే ముందు బిందె పెట్టింది రైల్వే మామ భార్య.

“ఒమ్మే, అవి పట్టుకునే నీళ్లు గావు! కాలవలోకి పోవాల్సిన నీళ్లు!” అని మామ అరుస్తున్నాడు.

“ఇంట్లో సుక్క నీళ్లు లేవు, కాలవకు పోస్తాడంట! జరుగు జరుగు, ఆ డ్రమ్ము ఇట్లా దొర్లించు,” అంది ఆవిడ.

బిందెల నుంచి పొర్లిన నీళ్లయినా కిందికి వస్తాయేమోనని ఆశపడ్డాను. ఒకాయన మట్టితో చిన్న కట్ట వేసి వాటిని తన కొబ్బరి చెట్టు పాదులోకి మళ్లించాడు. అది నిండి పొర్లితే పక్కింటాయన కరివేపాకు పాదులోకి తిప్పుకున్నాడు. ఇంకొకాయన సబ్బు తెచ్చి స్కూటరుకు స్నానం చేయించాడు, పనిలో పనిగా తాను కూడా చేశాడు. ఇంటింటి దగ్గరా ఆగి, తగ్గి, మా దాకా వచ్చింది ఒక తడి గీత. అదీ తూమును చేరకముందే ఎండకు ఆరిపోయింది.

వరద రాకపోతే తూము ఇరుకని తేలదు. తేలకపోతే పంచ పోతుంది. అత్త కూడా అదే ఆలోచిస్తోందనుకుని ఆమె వైపు తిరిగాను. ఆమె రెప్ప వేయకుండా ట్యాంకరునే చూస్తోంది. ఇంకాసేపు ఓర్చుకుంది. తరువాత ఇంట్లోకి పోయి మంచం కిందినుంచి బిందె లాగి చంకలో పెట్టుకుని పైకి పరుగు తీసింది.

“అత్తా, నువ్వు పోగూడదు! మనకు నీళ్లు కిందికి రావాల!”

“గమ్మునుండ్రా! అందురూ పట్టుకుంటా ఉంటే నేను సూస్తా నిలబడాల్నా? రేపు పిండి రుబ్బేదానికి నీళ్లు నువ్వు తెస్తావా?”

ఇంజినీరు పంచలోకి వచ్చి, బెంచీ మీద పిండి గిన్నెల పక్కన కూలబడ్డాడు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“సార్, వానొస్తే ఇట్లుండదు సార్, నమ్మండి,” అన్నాను ఏడుపు గొంతుతో.

“వాన ఒక ట్యాంకరు కాదని నాకు తెలుసులేప్పా. అయినా సూడు, పైనుంచి ఇంటింటి దగ్గరా ఆగితే కిందికి ఎంత తక్కువొస్తాదో. నేను అంతసేపు చెప్తే నవ్వినారు. ఇప్పుడు బిందెలతో వాళ్లే చేసి చూపించినారు.”

సాయంత్రం అందరినీ పిలిచి తేల్చి చెప్పాడు. తూమును టేపుతో కొలిచి చూశాడు, ఇరుకే గనక దాన్ని పెద్దది చేస్తారు. కాలువను ఉన్న వెడల్పులోనే పూడిక తీస్తారు. గుంతలు మాత్రం ప్రతి ఇంట్లో పడాలి. “ఈ కార్తీకం చూస్తానమ్మా. నీళ్లు నిలబడితే మాత్రం పంచ కొట్టక తప్పదు, ఏమీ అనుకోవద్దు,” అన్నాడు అత్తతో. మునుపు నవ్విన నోళ్లు ఈసారి లేవలేదు. ఒక్క సుక్క వదలకుండా పట్టుకున్నవాళ్లు ఏమని కాదంటారు?

ఆ కార్తీకంలో తుఫాను గట్టిగానే పట్టింది. వీధంతా గుంతలు బుడబుడమన్నాయి. నీళ్లు అత్త పంచ మెట్టు దాకా ఎక్కి, అక్కడ కాసేపు ఊగిసలాడి, తూములోకి దిగిపోయాయి. రైల్వే మామ గొడుగేసుకుని వచ్చి, “మా గుంత ఒక్క సుక్క కూడా కిందికి ఇడస్లేదబ్బోడా!” అని గొప్పలు చెప్పి, వేడి దోసె పెట్టించుకున్నాడు. అత్త పెనం ముందు నుంచి లేవలేదు. ఆమె ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆ సంబరంలో ఎవరూ మిద్దె ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం మళ్లీ రాలేదు కూడా.

అత్త ఆ పంచలో చివరిదాకా దోసెలు పోసింది. ఆమె పోయాక కొడుకు సూళ్లూరుపేటలో స్థిరపడి ఇల్లు అమ్మేశాడు. గుంతలు ఒక్కొక్కటే బైకులు పెట్టుకునే చోటుకని బండలు కప్పుకున్నాయి. కొబ్బరి పాదులు సిమెంటు కింద పోయాయి. రైల్వే మామ కోరుకున్న పెద్ద కాలువ ఆయన చూడకుండానే వచ్చింది. అత్త ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంటు. వాన నీళ్లు దాని ముందు నుంచి యాడా ఆగకుండా సర్రున పోతాయి. కింద ఎవరింటికి పోతాయో నాకు తెలియదు.

మొన్న కార్తీకంలో అటు వైపు పని పడింది. వాన జోరుగా ఉంటే ఆ అపార్టుమెంటు గేటు దగ్గర సన్‌షేడు కింద నిలబడ్డాను. పంచ ఉండిన చోటు అదే. కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు.

“ఎవురు కావాల సార్?”

“ఎవురూ లేదప్పా. వాన తగ్గితే పోతాను.”

అతను నా చేతిలో మడిచి పట్టుకున్న గొడుగును చూశాడు. తరువాత ఆకాశాన్ని చూశాడు. వాన ఎప్పుడో తగ్గిపోయింది. లోపలికి పోయి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. వద్దంటే బాగుండదని, కూర్చున్నాను.