తీయమని రాని ఆర్డరు

2023 ఫిబ్రవరి. ఎనర్జీ ఆడిట్ కోసం నంద్యాల నుంచి ఆళ్లగడ్డలోని ఒక మహిళా కాలేజీకి వెళ్లాను. ఏ గది ఎంత కరెంటు తింటోందో చూసి, ఎక్కడ తగ్గించాలో చెప్పే పని ఇది. ఇంట్లో నా మాట ఎవరూ వినరు కాబట్టి కాలేజీలకు చెబుతుంటాను.

అక్కడ ఎక్కువ తింటున్నది లైబ్రరీ హాలు. పొద్దంతా ముప్పై ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికే హాలు మూసేయాలని ప్రిన్సిపాల్ మేడమ్ నిర్ణయించారు. నా రిపోర్టులో ఆ ఒక్క వాక్యం ఉంటే చాలన్నారు.

హాల్లో కాలం కూడా కునుకు తీస్తున్నట్టుంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పల్లె బస్సు కోసం ఆగిన అమ్మాయిలు కొందరు చదువుతున్నారు, కొందరు పుస్తకం మీద చెంప ఆనించి ఉన్నారు. గోడ అవతల ఎక్కడో ఉలి చప్పుడు, కలలో వినిపించినట్టు.

"మూసేస్తే ఈ పిల్లోళ్లు యాడికి పోవల్ల సార్?" అన్నాడు లైబ్రరీ చూసుకునే ఖాసీం. "బస్సు అయిదింటికి. బస్టాండులో నిలబడి చదువుతారా?"

బ్యాగులోంచి లక్స్ మీటర్ తీశాను. వెలుతురును కొలిచే పరికరం. లైట్లు ఆర్పించాను. మిట్టమధ్యాహ్నం, ఎనిమిది కిటికీలున్న హాలు, అయినా అమావాస్య చీకటి. దగ్గరికెళ్లి చూస్తే అద్దాల నిండా ఖాకీ కాగితాలు.

"ఇదేంది ఖాసీమన్నా?"

"పరీక్షల సెంటరు పడింది సార్. బయటనుంచి జవాబులు సూపిస్తాండారని అంటిచ్చినాం. నాలుగేండ్లయింటాది."

"మళ్లీ తీయలేదేం?"

"అంటియ్యమని ఆర్డరొచ్చింది. తీయమని రాలే."

రెండు బకెట్ల నీళ్లు, గీకడానికి ఒక పుట్టీ బ్లేడు తెప్పించాం. అమ్మాయిలే లేచి వచ్చారు. కాగితం ఊడేకొద్దీ ఎండ బల్లల మీదికి పాకింది. అందులో దుమ్ము బంగారంలా తేలింది. రోడ్డు అవతల శిల్పుల షెడ్డులో సగం చెక్కిన నంది మావైపే చూస్తోంది.

"దినామూ మనం ఇంటాండే ఉలి సప్పుడు దీందేనే" అంది ఒకమ్మాయి పక్కనున్న పిల్లతో.

మేడమ్ వచ్చారు. ఒక్క లైటూ వెలగడం లేదు. మీటరు మాత్రం చదువుకు కావలసినదానికంటే ఎక్కువే చూపిస్తోంది.

"ఇంతేనా?" అన్నారు, కింద పడున్న ఖాకీ కాగితాలు చూసి.

"ఇంతే మేడమ్."

కాసేపు నందిని చూసి, "అయిదింటిదాకా తెరిచే ఉంచు ఖాసీం" అన్నారు.

అప్పటినుంచి ఏ గదిలోనైనా లైట్లు లెక్కపెట్టే ముందు, అవి పగలు ఎందుకు వెలుగుతున్నాయో అడుగుతాను. బ్యాగులో లక్స్ మీటర్ పక్కన ఒక పుట్టీ బ్లేడు ఉంటుంది. రిపోర్టులో దాని పేరు రాయను; ఎక్కువ పని మాత్రం అదే చేస్తుంది.