మడి చీర దాటిన మాట

బాలాంబ మామ్మగారి మేడ మీద వెదురు దండెం ఒకటి ఉంది. నాలాంటి పొడుగు మనిషి చెయ్యి చాపితే తప్ప అందదు. ఎవరికీ తగలకూడదనే అంత ఎత్తున కట్టించుకుంది. పొద్దున్న స్నానం చేసి, తడిపిన నేత చీరని పొడుగాటి కర్రతో ఆ దండెం మీదికి ఎక్కిస్తుంది. అది ఆరి, ఆవిడే తీసి దేవుడి గదిలో పెట్టుకునేదాకా ఇంకెవరూ మేడ మెట్లు ఎక్కడానికి వీల్లేదు. మర్నాడు వంటకి కట్టుకునే మడి చీర అది. ఎండ తగలొచ్చు, గాలి తగలొచ్చు, మనిషి మాత్రం తగలకూడదు.

నా పేరు మోహనకృష్ణ. బరంపురంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తుంటాను. మా నాన్న పురోహితుడు. నాకు మంత్రాలు నోటికి రాక తీగలు చేతికి తీసుకున్నాను. మా నాన్న పోయినా మామ్మగారి ఇంటికి రాకపోకలు పోలేదు. ఆవిడ కవిటి నుంచి కాపరానికి వచ్చిన నాటి నుంచీ అదే ఇల్లు, అదే వీధి. భర్త రామమూర్తిగారు టెలిగ్రాములు పంపే తంతాఫీసులో పనిచేసి పోయారు. కొడుకు ఛత్రపూర్ కోర్టులో గుమాస్తా, తెల్లారకముందే రైలెక్కి పోతాడు. పగలంతా ఇంట్లో మిగిలేది మామ్మగారూ, మనవరాలు సుశ్మితా. మామ్మగారికి కోపం ముక్కు మీదుంటుంది. గుమ్మంలో చెప్పు తిరగబడి ఉన్నా కసురుతుంది, కసిరాక కాఫీ ఇస్తుంది. నేను ఆ కాఫీ కోసం కసుర్లు పడ్డ రోజులు చాలా ఉన్నాయి.

సుశ్మిత చెవిటి పిల్లలకి మాటలు నేర్పుతుంది. పుట్టు చెవుడున్న పిల్లలకి ఇప్పుడు ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం పెడుతున్నారు కదా. అది పెట్టినంత మాత్రాన మాటలు రావు. వినపడే చప్పుళ్ళలో ఏది మాటో, ఏది మోతో పిల్లకి ఒకరు ఓపిగ్గా నేర్పాలి. బెంగుళూరు సంస్థ ఒకటి ఆ పాఠాలు వీడియోలో చెప్పిస్తుంది. వాళ్ళ దగ్గర తెలుగులో చెప్పేది సుశ్మిత ఒక్కతే.

ఆమె శిష్యుల్లో ఒక పిల్ల సముద్రం ఒడ్డు పల్లె చమఖండిలో ఉంది. పేరు నూకరత్నం, నాలుగేళ్ళు. తల్లి అమ్మడు పొద్దున్న చేపలు అమ్ముకుని వచ్చి, పది దాటాక పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని ఫోను తెరుస్తుంది. ఆమెకి తీరికయ్యేది అప్పుడే. ఆ పిల్ల పెదాలు చూస్తూ నేర్చుకోవాలి. తెర మీద బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయినా పెదవి ఒకచోట, చప్పుడు ఒకచోట అయిపోతాయి. పిల్ల విసుక్కుని మొహం తిప్పేసుకుంటుంది.

అందుకని సుశ్మితకి గట్టి లైను కావాలి. మామ్మగారి వీధిలో కాలవ పనులకి తవ్వినప్పుడల్లా నా కేబులు తెగుతోంది. పాత గోడల మందానికి ఫోను సిగ్నలు ఇంట్లోకి రాదు, వీధరుగు మీద దొరికినా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అప్పుడు గాలిలో లంకె వేద్దామనుకున్నాను. బడా బజార్లో ధర్మలింగంగారి హోల్‌సేల్ కొట్టు మేడ దాకా పెద్ద లైను ఉంది. అక్కడొక గిన్నె యాంటెన్నా, మామ్మగారి మెట్లగది గోడకి ఒకటి, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేలా బిగించాను. మధ్య దూరం అరకిలోమీటరు కూడా లేదు. ఆ సాయంత్రం ఆవిడ చీర తీసేసుకున్నాకే నన్ను పైకి రానిచ్చింది.

“ఏటిది?” అంది మామ్మగారు, ఆ గిన్నె కేసి చూసి.

“ఇంటర్నెట్ మామ్మా. ఇక్కణ్ణుంచి బడా బజారుకి తీగ లేకుండా ఎల్తాది.”

“మీ తాతగారు తంతాఫీసులో సేసినన్నాళ్ళూ తీగ తెగితే మాట ఆగిపోయేది. తీగే లేకపోతే ఏటి పట్టుకుని ఎల్తాది?”

నాకు తెలిసినంతలో చెప్పాను. వెలుగులాంటిదే, కంటికి కనపడదు. సముద్రంలో అలలున్నట్టు దీనికీ అలలుంటాయి, కాకపోతే ఒక్కో అల బియ్యపుగింజంత. సెకనుకి ఆరు వేల కోట్ల అలలు. సూటిగా పోతుంది, ఎంతో దూరం పోదు. మనం పీల్చే గాలే దాన్ని కొంత తాగేస్తుంది. చెప్పేవాణ్ణి నేనే అయినా ఆ మాట చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

“ఇప్పుడు ఎల్తన్నాయా?”

“ఎల్తన్నాయి మామ్మా. మన నెత్తి మీంచి, అదిగో ఆ దండేనికి కొంచెం కిందనుంచి.”

ఆవిడ చాలాసేపు ఆ ఖాళీ గాలి కేసి చూస్తూ నిలబడింది. పెంకుటిళ్ళు, నీళ్ళ ట్యాంకులు, అవతల బజారు గోల. కసరడం మర్చిపోయిన మామ్మగారిని నేను అదే మొదటిసారి చూడ్డం.

మర్నాడే గొడవ మొదలైంది. పది దాటి పాఠం మొదలుపెట్టగానే లైను పడిపోవడం, మధ్యాహ్నానికి తనంతట తనే బాగుపడిపోవడం. నేను సాయంత్రం వచ్చి చూస్తే లంకె నిక్షేపంలా ఉండేది. ఎండకి పెట్టె వేడెక్కుతోందేమోనని గొడుగు కట్టాను. కరెంటు మీద అనుమానంతో ప్లగ్గు మార్చాను. ధర్మలింగంగారి మేడ మీద కోతులు గిన్నె తిప్పేస్తున్నాయని వాటిని నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం వాటికేమీ తెలియదు. పాఠం వేళకి పైకెక్కి చూద్దామంటే మామ్మగారు మెట్ల దగ్గరే అడ్డం.

“పైన మడి సీర ఉంది. ఆరాక రా.”

పురోహితుడి కొడుకుని, ఆ మాట మీద ఇంకేం వాదిస్తాను? ఆరాకే వెళ్ళేవాణ్ణి. ఆరాక అంతా బాగానే ఉండేది.

ఈలోపు సంస్థవాళ్ళకి ఓపిక పోయింది. సోమవారం పాఠంలో తమ పెద్ద మేడమ్ కూడా కూచుంటారు, ఆ రోజూ లైను పడితే రత్నాన్ని హిందీలో చెప్పే టీచరుకి అప్పగిస్తాం అన్నారు. సుశ్మిత మొహం పాలిపోయింది.

“ఆ పిల్ల ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు మోహనన్నా. హిందీలో నేర్పితే అమ్మతో ఏ మాట మాట్లాడతాది? ఇప్పుడిప్పుడే పెదాలు కలుపుతోంది. ఈ వయసు దాటితే మళ్ళీ రాదు.”

సోమవారం పొద్దున్నే నేను మామ్మగారి కాళ్ళ మీద పడినంత పని చేశాను. చివరికి కరిగింది. “మెట్లగది గడప కాడ నిలబడు. గడప దాటేవంటే ఊరుకోను.” ఆవిడ కింద మడి కట్టుకుని మహానైవేద్యానికి వంట మొదలుపెట్టింది. సుశ్మిత గది తలుపు వేసుకుంది. నేను గడపకి ఇవతల నుంచుని గోడ మీది గిన్నె కేసి చూస్తున్నాను. దాని వెనక చిన్న దీపం ఉంటుంది. లంకె బాగుంటే పచ్చగా, పడితే ఎర్రగా.

దీపం ఎర్రగా ఉంది.

అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. దండెం మీద మడి చీర బరువుగా కదిలి, కొంగు పైకి లేచింది. దీపం పచ్చబడింది. గాలి తగ్గింది. చీర దిగింది. దీపం ఎర్రబడింది. మళ్ళీ గాలి, మళ్ళీ పచ్చ. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇన్నేళ్ళూ తరంగాలతో బతుకుతున్నాను గానీ వాటిని కంటితో చూసింది ఆ రోజే. ఖాళీ అనుకున్న ఆ గాలిలో నిజంగా ఏదో పోతోంది. అది ఎక్కడ పోతోందో ఆ చీర నాకు వేలు పెట్టి చూపించింది. దండెం ఒట్టిదైనప్పుడు అడ్డం లేదు, చీర పొడిగా ఉంటే దాదాపు లేనట్టే. తడి చీర మాత్రం గోడ. అందులో నీళ్ళు ఆ చిన్న చిన్న అలల్ని మొత్తం తాగేస్తున్నాయి. దాన్ని కనిపెట్టకుండా ఇన్నాళ్ళూ నన్ను కింద కూచోబెట్టింది కూడా ఆ చీరే.

“మామ్మా! చీర! చీరే అడ్డం!” అని అరిచాను.

ఆవిడ మెట్ల కింద నుంచి, “ఏటి?” అంది.

“తడి చీర లైనుకి అడ్డం పడతంది. పాఠం ఆగిపోయింది. మీరొచ్చి తియ్యాలి.”

ఆవిడ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఒక్కో మెట్టూ పట్టుకుని ఆవిడ పైకి వచ్చేసరికి బెంగుళూరు మేడమ్ ఉండరు. కింద గదిలోంచి సుశ్మిత, “హలో, రత్నం, ఇన్పిస్తోందా, హలో” అంటోంది. ఆ గొంతు మామ్మగారూ విన్నది. మెట్టెక్కబోయినదల్లా ఆగి అరిచింది.

“లాగెయ్.”

నాకు అర్థం కాలేదు. “ముట్టుకోవాలి మామ్మా.”

“ముట్టుకోకుండా నోటితో ఊదుతావేటి? లాగెయ్యమంటన్నానా!”

గడప దాటాను. చెయ్యి చాపి చీర అంచు పట్టుకుని లాగాను. తడి బరువుతో అది నా భుజాల మీద పడింది. మా అమ్మ మడి బట్టనైనా అలా ముట్టుకుని ఎరగను. తిరిగి చూస్తే దీపం పచ్చగా, కదలకుండా వెలుగుతోంది.

చీర చంకన పెట్టుకుని కిందికి పరిగెత్తి, సుశ్మిత గది తలుపు తోశాను. సుశ్మిత తెర ముందు ముఖం పెట్టి, పక్కన చేప బొమ్మ పట్టుకుని, పెదాలు మెల్లగా విప్పుతూ ముడుస్తూ అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది. తెర మీద రత్నం, వెనక అమ్మడు చెయ్యి, ఆ వెనక ఇసుకలో పడవ. ఓ మూల గళ్ళో బెంగుళూరు మేడమ్. బొమ్మ ఎక్కడా బిగుసుకోలేదు. మామ్మగారు గది బయట, గడపకి ఇవతల, మడితో నిలబడి ఉంది. పిల్ల సుశ్మిత నోటి కేసి చూసింది. తన నోరు తెరిచింది. పెదాలు కలిపింది.

“సే...ప.”

తర్వాత అమ్మడు గొంతు వినబడింది. “ఓలమ్మా... అనేసింది. నా బంగారు తల్లి అనేసిందమ్మా! టీచరమ్మా, ఇన్నావా?”

మామ్మగారు గడప దాటేసింది. అంటు, మైల ఏమీ గుర్తులేవు. వెళ్ళి మనవరాలి మంచం మీద కూలబడి, తెరకి మొహం దగ్గరగా పెట్టింది. పొయ్యి మీద దేవుడికి అన్నం ఉడుకుతోంది. చేప అన్న మాట ఆ ఇంట్లో ఎన్నడూ వినపడలేదు. ఆవిడ కళ్ళు ధారలు కడుతున్నాయి.

“ఇంకోసారి అనవే తల్లీ” అంది. “ఏదీ, సేప.”

పిల్ల నవ్వి, మళ్ళీ అంది.

ఆ రోజు ఆవిడ మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ వండి, దేవుడికి నైవేద్యం పెట్టేసరికి మధ్యాహ్నం బాగా దాటిపోయింది. నన్ను ఆకలితో కూచోబెట్టి, చీర ఈడ్చుకొచ్చి నేలంతా తడి చేశానని కసిరింది. అన్నం వడ్డిస్తూ అడిగింది.

“వానొస్తేనో?”

“పెద్ద వానొస్తే ఆగుతాది మామ్మా. వాననేం చెయ్యలేం. ఆ కాసేపూ సుశ్మిత వీధరుగు మీంచి ఫోనులో చెప్పుకోవాలి.”

“వానని లాగమని నిన్ను అనలేనులే” అంది.

రత్నం సుశ్మిత దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మని పిలుస్తుంది, కాకిని పిలుస్తుంది, పడవని పిలుస్తుంది. దండెం పెరటి వైపుకి మారింది. పాత ఇల్లు, పాత మనిషి, ఇన్నేళ్ళుగా మేకు కూడా మారని చోటు. ఆవిడే మేస్త్రీని పిలిపించి, దగ్గర నుంచుని మార్పించింది.

మొన్న వర్షాల ముందు గిన్నె తుడవడానికి వెళ్ళాను. పాఠం వేళే. మెట్ల దగ్గర ఆవిడ ఆపలేదు, నా వెనకే మెల్లగా ఎక్కి వచ్చింది. బజారు వైపు గిన్నె సూటిగా కనపడుతోందో లేదో చూద్దామని నేను మేడకి అడ్డంగా నడవబోతుంటే వెనక నుంచి కసిరింది.

“ఒరే, ఒంగి నడు. పిల్ల మాట ఎల్తంది.”

లంకె నా నెత్తికి జానెడు పైనుంచి పోతోంది. నేను నిక్కి నడిచినా దానికి తగలను. ఆ గిన్నె కట్టినవాణ్ణి, నాకు తెలియదా? అయినా నడుం వంచుకుని, తల దించుకుని, మేడ ఆ చివరిదాకా అలాగే నడిచాను.