ఎడమవైపు లేని కిడ్నీ

ఆ రోజు పోగొట్టుకున్నవి లెక్కేస్తే రెండు: పంతొమ్మిదేళ్ల నమ్మకం, ఆడపడుచుతో చెలిమి.

నాకప్పుడు నలభై ఆరేళ్లు. నాటింగ్‌హామ్‌లో మావారు ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో చేరారు. మూత్రం రావడం ఆగిపోయింది. తెలుగు డాక్టరమ్మాయి మంచం దగ్గరికే స్కానింగ్ మిషన్ తెచ్చి కడుపంతా చూసింది.

"ఆంటీ, అంకుల్‌కి ఎడమ కిడ్నీ ఎప్పుడు తీశారు?"

"తీయడమేంటమ్మా? నడుం పక్కన ఆ మచ్చ కిడ్నీలో రాళ్లు తీసిన ఆపరేషన్‌దని చెప్పారే."

"లేదాంటీ, ఉన్నది ఒక్కటే. దాన్నే కాపాడుకోవాలి."

పక్కనున్న ఆడపడుచు తల దించుకుంది. "మీ పెళ్లికి ముందే మా పెద్దన్నయ్యకిచ్చాడు వదినా. తెలిస్తే నువ్వు ఒప్పుకోవేమోనని..."

"ఎంతమందికి తెలుసు?"

"ఇంట్లో ఎనిమిదిమందికీ."

ఆ ఒక్క కిడ్నీయే ఆయన్ని నిలబెట్టింది. అన్నకిచ్చినందుకు నాకు కోపం లేదు, నా దగ్గర దాచినందుకే. కోలుకున్నాక ఆయనొక్కరే క్షమించమన్నారు. మిగిలిన ఏడుగురూ నాకు ఇప్పటికీ బాకీయే.