పది మంది కావాలి

మెట్రో కోసం ఢిల్లీ అంతా తవ్విపోసిన రోజులవి. నేను గుంటూరు నుంచి వచ్చి ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అనువాదకురాలిగా చేరాను. వసంత్ కుంజ్‌లో ఒక పెద్దాయన ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆయన రైల్వేలో రిటైరయ్యారు. కొంకణం వైపు యూదులు. పిల్లల్లేరు, భార్య పోయి ఏడాది కావస్తోంది. నేను క్యాథలిక్‌నని చెబితే, "అచ్ఛా! అయితే మనిద్దరిదీ ఒకే బిల్డింగ్, ఫ్లోర్లే వేరు" అని నవ్వారు. ఆ నవ్వు మళ్ళీ వినడానికి చాలా రోజులు పట్టింది. ఆదివారాలు మరీ ఘోరం. ఆయన బాల్కనీలో, నేను గదిలో, ఇద్దరికీ మధ్య కుక్కర్ విజిల్.

భార్య పోయిన తిథికి ఆయన వాళ్ళ ప్రార్థనాలయంలో కద్దిష్ చదవాలి. పోయినవాళ్ళ కోసం అయినవాళ్ళు చదివే ప్రార్థన అది. దానికి పది మంది మగవాళ్ళు ఉండి తీరాలట. ఢిల్లీలో వాళ్ళవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒకరు ఊళ్ళో ఉండరు, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పి. మొదటి ఏడాది ఆయనతో కలిపి ఆరుగురే అయ్యారు. చదవకుండానే ఇంటికొచ్చి, టోపీ తీసి ఫ్రిజ్ మీద పెట్టి, అన్నం వద్దన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి తన భార్య కోసం ప్రార్థన చేసుకోవాలంటే ఇంకో తొమ్మిది మంది రావాలా?

"మగవాళ్ళేగా అంకుల్, నేను తెస్తా" అన్నాను రెండో ఏడు. ఆయన ఏదో చెప్పబోయారు. నేను వింటేగా!

నెలకోసారి చర్చిలో జరిగే తెలుగు పూజకు వచ్చేవాళ్ళలో నలుగురిని పట్టుకున్నాను. ఒక బ్యాంకు ఆయన, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదివే ఒకతను.

"అక్కడ మేమేం చెయ్యాలమ్మాయ్?" అన్నారు బ్యాంకాయన.

"ఏం లేదు బాబాయ్, నోరు మూసుకుని కూర్చోవడమే."

నలుగురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. అక్కడ ప్రార్థన నడిపించే పెద్దమనిషి మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా చెప్పారు. "బేటీ, పది మందీ యూదులే అయ్యుండాలి. వీళ్ళు మా అతిథులు. లెక్కలోకి రారు."

తల కొట్టేసినట్టయింది నాకు. అంకుల్ నా వైపు చూడలేదు. బ్యాంకు బాబాయి మాత్రం వెళ్ళి అంకుల్ పక్కన కూర్చున్నారు. "లెక్కలోకి రాకపోతే పోయాం. కూర్చుంటే తప్పేం లేదుగా?" అన్నారు తెలుగులోనే. నేను హిందీలో చెప్పాను. గంటసేపు ఊరికే కూర్చుని వచ్చేశాం. కద్దిష్ ఆ ఏడూ లేదు.

ఆటోలో నేను ఊరుకోలేదు. "మాకైతే ఒక్కరున్నా చాలు, ఫాదర్ పూజ చేసేస్తారు" అన్నాను.

"అచ్ఛా" అన్నారు అంకుల్. "మరి ఆ ఒక్కరి పక్కన ఎవరుంటారు?" అని అడిగారు.

ఆ జనవరిలో అమ్మ పోయింది. పొగమంచుకి రైలు ఆలస్యమైంది. నేను చేరేసరికి సమాధి చేసేశారు. ముప్పయ్యో రోజు పూజ ఢిల్లీలోనే చేయించాను. పనిరోజు సాయంత్రం, మనవాళ్ళెవరికీ కుదరలేదు. ఫాదర్ అమ్మ పేరు పలకలేక తడబడ్డారు. అంత గుడిలో నేనొక్కదాన్నే. ఒక్కరున్నా చాలని ఎంత గొప్పగా చెప్పానో గుర్తొచ్చింది. చాలరు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. అప్పుడు వెనక చెప్పుల చప్పుడైంది. అంకుల్ వచ్చి నా పక్కనే కూర్చున్నారు, తల మీద టోపీతో.

"నేను మీ లెక్కలోకి రాను బేటీ" అన్నారు గుసగుసగా. "కూర్చుంటే తప్పేం లేదుగా?"

అప్పుడు ఏడ్చాను.

మూడో ఏడు పహార్‌గంజ్ వెళ్ళాను. ఇజ్రాయెల్ నుంచి వచ్చే టూరిస్టులు అక్కడి చవక లాడ్జీల్లో దిగుతారని ఆఫీసులో ఎవరో చెప్పారు. చీర కట్టుకుని టీకొట్ల దగ్గర నిలబడి, కనిపించిన ప్రతివాణ్ణీ ఇంగ్లీషులో అడిగాను. "మీరు యూదులా? మా అంకుల్‌కి పది మంది కావాలి." కొందరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నలుగురు వచ్చారు. అంకుల్ చదివారు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నారు.

"నా వంతు వచ్చినప్పుడు ఎవరు తెస్తారు?"

"నేను తెస్తా అంకుల్."

తేలేదు. ఆ తర్వాతి జనవరిలో అమ్మ సంవత్సరీకానికి గుంటూరు వెళ్ళాను. నేను అక్కడుండగానే అంకుల్ పోయారు. వాళ్ళలో ఆలస్యం చెయ్యరు, మర్నాడే ఖననం. నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చేస్తారు, అద్దెకుండే అమ్మాయినేగా! తిరిగొచ్చి ప్రార్థనాలయం పెద్దమనిషిని అడిగాను, ఎంతమంది వచ్చారని. ఆయన నేల చూపులు చూస్తూ "సాత్" అన్నారు.

ఏడుగురు.

ఏడాది తిరిగాక ఆయన తిథికి పహార్‌గంజ్ నుంచి ఆరుగురిని తీసుకెళ్ళాను. మొత్తం పదకొండు మంది అయ్యారు. చదవడానికి కొడుకు లేడు కాబట్టి, ఆ వచ్చినవాళ్ళలో పిలక జుట్టతను నేను కాగితం మీద రాసిచ్చిన పేరు చూసుకుని చదివాడు. అంకుల్‌ని అతను ఎన్నడూ చూడలేదు. చివరి బెంచీలో నేనూ, బ్యాంకు బాబాయీ కూర్చున్నాం. ఆమేన్ అనే చోటు మాకూ తెలుసు. బాబాయి అన్నారు. నేను ముందు బెంచీల్లో తలలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.