ఎవరూ లేరని రాసిన కొండ

ఇన్నేళ్లూ ఒక కొండను మోస్తున్నాను. దాని పేరు చెప్పను. పాడేరులో జీపెక్కి, దిగి, వాగు దాటితే వస్తుంది. నా పేరూ అడగకండి. పక్కన పాప నిద్రపోతోంది. నుదురు చల్లగానే ఉంది. అయినా మళ్లీ తాకి చూస్తాను. ఈ భయం ఎక్కడ మొదలైందో మీకొక్కరికే చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి పని, మన్యంలో గర్భిణులకు మలేరియా ముప్పు ఎక్కడెక్కడ ఉందో చూపే పటం కోసం ఊరూరా తిరిగి వివరాలు తేవడం. ఎక్కడ ఎందరు కడుపుతో ఉన్నారో, చుట్టూ దోమల బెడద ఎంతో తెలిస్తే, ఎందరికి జ్వరం రావచ్చో అంచనా కడతారు. జ్వరం రాకముందే మనిషిని లెక్కలోకి తీసుకోవడం! ఎంత దయగల ఆలోచన అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. మందు పూసిన దోమతెరలు, రక్త పరీక్షలు ముందు ఎక్కడికి వెళ్లాలో ఆ పటమే చెప్పేది.

వానాకాలంలో ఆ కొండ కింది ఊరికి వెళ్తే ఇళ్లన్నీ మూసి ఉన్నాయి. అది ఖాళీ ఊరు కాదని మన్యంలో పుట్టిన నాకు తెలుసు. కొండవాలులో వేసిన పోడు పంట అడవి పందుల పాలు కాకుండా, చోడి, అంటే రాగి, కోత అయ్యేదాకా కుటుంబాలన్నీ కొండ మీద పాకల్లోనే ఉంటాయి. ఉప్పు కోసం కిందికి దిగిన ఆ ఊరి కాసులమ్మ నన్ను చూసింది. ఆమె కడుపు కనబడుతూనే ఉంది.

"ఏటే గుంటా, మూసిన తలుపుల్తో మాటాడతన్నావా? పైకి రా. అందరం పోడు కాడే ఉన్నాం."

"వాన పట్టింది కదక్కా. జలగలు కూడా..."

"నీ సదువేటీ తాగవులే అవి! బేగి నడు, నా ఎనకే రా."

ఇద్దరం నవ్వాం. "రేపొస్తాలే అక్కా" అన్నాను. ఆమె ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని, ఆ కడుపుతో, బురదలో ఒక్కసారైనా జారకుండా ఎక్కిపోయింది. మర్నాడు వాగు పొంగింది. తర్వాత తగ్గింది. అయినా నేను వెళ్లలేదు. వాగూ కాదు, జలగలూ కాదు. బద్ధకం. అక్కడ ఎవరూ ఉండటం లేదని రాసిచ్చాను.

పటంలో ఆ కొండ ముప్పు లేనట్టు తెల్లగా వచ్చింది. దోమతెరలు రంగున్న ఊళ్లకు వెళ్లాయి. కాసులమ్మకు పోడు పాకలోనే జ్వరం తగిలింది. డోలీలో దించారు. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

తెర అందినా జ్వరం వచ్చేదేమో? ఆ 'ఏమో' వెనక ఎన్నాళ్లు దాక్కున్నానో! ఆమెకు ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. కనబడ్డప్పుడల్లా ఆమె నా చేయి పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు పోతుందని.

మరుసటి వానలకు ఆమె ఏం చేసిందో తెలుసా? రక్త పరీక్షలు చేసేవాళ్ల ముందు నడిచి, పాక పాకకూ తీసుకెళ్లింది. జంకుతున్న గర్భిణుల పక్కన కూర్చుని, ముందు తన వేలు చాపింది. ఆ ఏడు పటంలో ఆ కొండకు ముదురు రంగు పడింది. ముదురు రంగంటే ముప్పు. నాకు మాత్రం అది ఆమె నడిచిన దారిలా కనిపించి ఏడుపొచ్చింది.

నాకు పాప పుట్టాక చూడటానికి వచ్చింది, చోడి పిండి పట్టుకుని. పాపను పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి తానే దోపింది. ఎక్కడా సందు వదల్లేదు.

రేపైనా చెప్పగలనా? తెలియదు. చెబితే క్షమించమని అడగను. ఆ భారం కూడా ఆమె మీద వేయకూడదు. అప్పుడు రాయాల్సింది మాత్రం ఇప్పుడు రాస్తున్నాను. ఆ కొండ మీద మనుషులున్నారు. కాసులమ్మ ఉంది, కడుపుతో. నాకు తెలుసు. నేను ఎక్కలేదు.