రెబెకా పాట నడక

జయరాజు దగ్గరికి పాట పట్టుకుని ఎవరొచ్చినా అతను మొదట అడిగేది ఒక్కటే: "స్పీడెంతప్పా?"

వచ్చినవాళ్ళకు అది తెలియదు. పాడి చూపిస్తారు. జయరాజు బల్ల మీద వేలితో కొట్టుకుంటూ వింటాడు, కంప్యూటర్లో ఒక అంకె వేస్తాడు. ఎనభై ఎనిమిది, తొంభై ఆరు, నూటపది. నిమిషానికి అన్ని దెబ్బలని లెక్క. అంకె పడ్డాక చెవుల్లో టక్ టక్‌మని క్లిక్ మొదలవుతుంది. ఇక పాడేది పాస్టరైనా, చెక్కభజన గురువైనా ఆ టక్కుకు అడుగు తప్పకుండా నడవాల్సిందే. తప్పితే మళ్ళీ మొదటినుంచి.

"మనిషి ఎనకాల పాట పోతే పని తెగదు. పాట ఎనకాల మనిషే రావల్ల," అనేవాడు.

కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి వెనక ఒక ఇరుకు గది అతనిది. గోడలకు శనక్కాయల గోనెసంచులు మేకులతో కొట్టి, వాటి మీద పాత బొంతలు వేలాడదీశాడు. రోడ్డు మీది ఆటోల మోత లోపలికి రాకూడదని ఆ ఏర్పాటు. పాడేటప్పుడు ఫ్యాను కూడా ఆపేయాలి. ఎండాకాలంలో పాడినవాళ్ళు తడిసి ముద్దయి బయటపడి, గాలి పీల్చుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోతారు. జయరాజు మాత్రం అందులోనే ఉంటాడు.

అతని నాయన కణేకల్ కాలువ కింద వరి నాట్లకు కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. జయరాజు నాయన దగ్గర డోలక్, పెళ్ళి బ్యాండులో తబలా, కీబోర్డు నేర్చుకున్నాడు. పాటలు కంప్యూటర్లోకి వచ్చాక అనంతపురం పోయి ఒక పాత మిషను తెచ్చుకున్నాడు. అందులోని ఇంగ్లీషు మాటలు చదవడం సరిగా రాదు. ఏది నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి నేర్చుకున్నాడు.

భార్య రెబెకా, మేనమామ కూతురు. మంచి గొంతు. కానీ క్లిక్ అంటే ఆమెకు పడదు. "సెవిలో కోడి పొడిసినట్లుండాది మామా," అని హెడ్‌ఫోన్ తీసి పడేసేది. వాళ్ళకు పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నవి రెండే గొంతులు. కౌలుకు చేసిన శనగచేను వరసగా మూడేళ్ళు ఎండిపోయి, ఇటు పాటలు చేయించుకునేవాళ్ళు కూడా తగ్గిపోయిన కాలంలో రెబెకా కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. రెండేళ్ళకని వెళ్ళి ఐదేళ్ళయింది. నడుమ ఒక్కసారే వచ్చి నెలరోజులుంది. ఆ నెల ఎట్లా గడిచిందో జయరాజుకు తెలియలేదు. ఆమె తిరిగి వెళ్ళాక వచ్చిన వారం మాత్రం బాగా తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు కాస్త తీరిక. ఆ పూట జయరాజు ఎవరికీ పాట ఒప్పుకోడు. ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఆమె చేస్తే పది నిమిషాల మాట. చేయకపోతే సాయంత్రం దాకా కూర్చుని, లేచి తలుపు వేసుకుంటాడు.

ఈ ఏడాది చర్చి స్త్రీల సమాజానికి ఇరవై ఐదేళ్ళు నిండాయి. దాని పెద్ద సువర్ణ గదికొచ్చింది. "అన్నా, రెబెకక్క వాళ్ళమ్మ సిద్దమ్మ కట్టిన పాట ఉండాది కదా, రాళ్ళ నేల పాట. అది లేకుంటే మా కూటం ఎట్ల జరుగుతాది? అక్కతోనే పాడించి తెప్పియ్యి. అక్క గొంతు ఎనకాల మేమంతా పాడతాం."

సిద్దమ్మ శనక్కాయలు పీకుతూ కట్టిన పాట అది. పల్లవి ఊయల ఊగినట్టు ఆరు దెబ్బల మీద నడుస్తుంది.

*రాళ్ళ నేలలో నాటితివి నన్ను*
*రెండు వానలు రానియ్యి తండ్రీ*

చరణానికి వచ్చేసరికి నడక మారి నాలుగు దెబ్బలవుతుంది, కూలీలు సాలు వెంట అడుగులేసినట్టు.

*మబ్బు సూసి మోసపోతిమి*
*మడక ఇప్పి ఇంటికొస్తిమి*

రెబెకా ఉన్నప్పుడు ఒకసారి ఆ పాట మొదలుపెట్టి, క్లిక్‌తో గొడవపడి సగంలో వదిలేసింది. ఆ ఫైలు ఇంకా ఉంది. స్పీడు తొంభై రెండు.

శుక్రవారం ఫోన్లో అడిగితే రెబెకా నవ్వింది. "ఈడ పాడితే మేడం పిచ్చిదనుకుంటాది. ఇస్త్రీ గదిలో పాడి పంపుతాలే." మరుసటి శుక్రవారం పంపింది. వెనక ఏసీ మోత ఉంది. అయినా గొంతు ఆమెదే. జయరాజు ఒకసారి విన్నాడు. ఫ్యాను ఆపేసి మళ్ళీ విన్నాడు.

తరవాత అలవాటు ప్రకారం పనిలోకి దిగాడు. తొంభై రెండు వేశాడు. తెర మీద బార్లకు, అంటే తాళం ఒక్కో చుట్టుకు, గీతలు సమంగా లేచాయి. రెబెకా గొంతును తెచ్చి ఆ గీతల కింద పెడితే నాలుగో బార్‌కే గొంతు వెనకబడింది. ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ లాగి గీతకు అతికించాడు. రెండు రోజులు అదే పని. ప్లే చేస్తే రేకుడబ్బాలోంచి ఎవరో మాట్లాడినట్టుంది. అది రెబెకా కాదు.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అనంతపురం బస్సెక్కాడు. అక్కడ క్లాక్ టవర్ దగ్గర రామాంజనేయులు అనే అతనికి స్టూడియో ఉంది. వయసులో చిన్నవాడు, పనిలో పెద్దవాడు. విని తల పట్టుకున్నాడు.

"ఇదేందన్నా, వదినె గొంతును ఇట్ల పీకి పెట్టినావు? గొంతును యాడిదాడ ఉండనియ్యి. గీతలు జరుపు."

"గీతలు జరిపితే క్లిక్ ఏమైతాది?"

"క్లిక్కు కూడా ఆమె ఎనకాలే పోతాది. సూడు." రామాంజనేయులు పైన టెంపో గీత తెరిచి చూపించాడు. ఒక్కో బార్‌కు ఒక్కో స్పీడు వేసుకోవచ్చు. పాటలో మొదటి దెబ్బ ఎక్కడ పడిందో విని అక్కడ గుర్తు పెడితే, ఆ బార్ ఎంత స్పీడులో ఉందో మిషనే చెబుతుంది. ఆరు దెబ్బల నడక నాలుగులోకి మారేచోట ఇంకో గుర్తు. "పాట మొత్తానికి ఒకే అంకె ఉండల్లని యెవరు చెప్పినారన్నా నీకు?"

ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా తనకు తాను చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గదిలో కూర్చున్నాడు. పీకి పెట్టిన ముక్కలన్నీ పారేసి, రెబెకా పంపిన గొంతును ఉన్నదున్నట్టు పెట్టాడు. ఒక బార్ వినడం, ఆపడం, వెనక్కి పోవడం, దెబ్బ పడినచోట గుర్తు పెట్టడం. మిషను అంకె చెబుతోంది. మొదటి పల్లవి ఎనభై ఆరు, ఎనభై ఐదు. పర్వాలేదు. మొదటి చరణం ఎనభై. రెండో చరణం డెబ్బై ఒకటి. మూడో చరణానికి అరవై నాలుగుకు దిగింది.

అంతేకాదు, రెండో చరణంలో ఒకచోట నాలుగు దెబ్బలకు గుర్తు కుదరలేదు. ఎంత లెక్కపెట్టినా ఐదు వస్తోంది. గొంతు ఆగి, ఒక దెబ్బ ఖాళీగా పోయి, అప్పుడు అందుకుంటోంది. ఆ ఒక్క బార్‌కు ఐదు వేశాడు, తరవాత మళ్ళీ నాలుగు. మూడో చరణంలో ప్రతి పాదం చివరా అదే. ఐదు, ఐదు, ఐదు, చివరికి ఆరు.

ఆ ఖాళీలో ఏముందో తెలుసుకుందామని వాల్యూమ్ పెంచాడు. ఏసీ మోత కింద ఊపిరి. నోరు తెరిచి పీల్చుకునే ఊపిరి.

జయరాజు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. టెంపో గీత తెర మీద మిట్ట నుంచి ఏటి వైపు దిగిన చేనులా ఎడమనుంచి కుడికి వాలి ఉంది. ఐదేళ్ళుగా వారం వారం మాట్లాడుతున్నాడు. "బాగుండావా మే?" "బాగుండా మామా." అంతకు మించి అడగలేదు, ఆమె చెప్పలేదు.

శుక్రవారం అడిగాడు. "రెండో చరణంలో ఎందుకు ఆగినావు?"

"ఆడనా? ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టినా."

"మూడో చరణంలో నాలుగు తావుల ఆగినావు. నాలుగుసార్లూ ఇస్త్రీ పెట్టేనా?"

"నువ్వేమన్నా పోలీసోనివా మామా? పాట బాగలేకుంటే సెప్పు, మళ్ళీ పాడతా."

"వద్దు. ఇదే బాగుండాది," అన్నాడు. ఆమె వేరే మాటలోకి వెళ్ళింది.

తబలా అతనే వాయించాడు. క్లిక్ ఆపేసి ఆమె గొంతు ఒక్కటే చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ముందుకు పరుగెత్తబోతాయి, అలవాటు అలాంటిది. ఆపుకుని వెనక నడిచాడు. ఆమె ఊపిరి పీల్చుకున్నచోట ఎడమచెయ్యి డగ్గా మీద ఊరికే పెట్టి ఉంచాడు, ఆమె అందుకున్నాక అందుకున్నాడు. తెర మీది అంకెలున్నాయి కాబట్టి కీబోర్డూ ఫ్లూటూ కూడా వాటి ప్రకారం దిగాయి, ఆగాయి. నాలుగు రోజులు పట్టింది. అయ్యాక ఫోనుకు పంపాడు.

శుక్రవారం కాదు, మంగళవారం మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"వింటివా?" అన్నాడు.

"విన్నా. నాకు దమ్ము సాలని తావునంతా తబలా నిలబడుకోనుండాది. ఇంగ నీతో ఏం దాసేది మామా. మూడంతస్తుల ఇల్లు. మెట్లెక్కితే దమ్మొస్తాంది. రెండు నెలల నుంచి. దావకానాకు తీసుకుపోయినారు. గుండె కాదంట, రగతం తక్కువంట. మాత్రలిచ్చినారు, మింగుతాండా."

"ఇంటికొచ్చెయ్యి మే."

"ఎట్లొచ్చేది? ఇంకా ఎనిమిది నెల్లుండాది. కాయితాల మీద ఏలిముద్ర యేసి వచ్చినా కదా."

జయరాజు బెల్లం తినమన్నాడు, రాగిసంగటి తినమన్నాడు. "ఈడ రాగులు యాడివి మామా," అని ఆమె నవ్వి, ఎవరో పిలిస్తే పెట్టేసింది. అతను బొంతల నడుమ అట్లాగే కూర్చున్నాడు. కరెంటు పోయి తెర ఆరిపోయినా లేవలేదు.

కూటానికి నాలుగు రోజుల ముందు స్త్రీలు చర్చిలో ట్రాకు పెట్టుకుని పాడి చూశారు. పల్లవి సాగింది. చరణానికి వచ్చేసరికి సగంమంది ముందుకు పోయారు, సగంమంది ఆగారు. తబలా ఆగినచోట తెలియక చప్పట్లు పడ్డాయి. నవ్వులు. మూడుసార్లు ప్రయత్నించి సువర్ణ బయట ఉన్న జయరాజు దగ్గరికొచ్చింది.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. అక్క బాగా పాడింది. కానీ ఇది మాతోటి యేగదు. యాడ చప్పట్లు కొట్టల్లో తెలీడంలేదు. మామూలుగా, స్పీడుగా ఒకటి చేసియ్యి."

"అట్లనే," అన్నాడు జయరాజు.

ఆ పని ఒక్క పూట పట్టింది. పాత ఫైలు తెరిచాడు. తొంభై రెండు. పల్లవి ఆరు, చరణం నాలుగు, ఎక్కడా మార్పు లేదు. రెబెకా గొంతు తీసేసి, అది వచ్చేచోట ఫ్లూటు పెట్టాడు.

ఆదివారం కూటం బాగా జరిగింది. స్త్రీలందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని, ఒకే దెబ్బకు చప్పట్లు కొడుతూ పాడారు. జయరాజు వెనక మిషను దగ్గర నిలబడి మీట నొక్కాడు, పాటయ్యాక మళ్ళీ నొక్కాడు. పాస్టర్ సిద్దమ్మ పేరు చెప్పాడు, రెబెకా పేరు చెప్పాడు, అందరూ స్తోత్రం అన్నారు. భోజనాలు వడ్డిస్తుండగా అతను స్పీకర్ బాక్సు బండికి కట్టుకుని ఇంటికొచ్చేశాడు.

శుక్రవారం రెబెకా ఫోను చేసింది. "మాత్రలు పని చేస్తాండాయి మామా. నిన్న ఒక్కతూరి కూడా ఆగకుండా మెట్లెక్కినా." తరవాత అసలు మాట అడిగింది. "ఎట్ల పాడినారు నా ఎనకాల?"

"బాగా పాడినారు."

"యాడా తప్పలేదా? ఆ మూడో చరణం కష్టం కదా."

"యాడా తప్పలేదు."

"సువర్ణ ఏమనింది?"

"అక్క బాగా పాడింది అనింది."

ఆమెకు సంతోషమైంది. సిద్దమ్మదే ఇంకో పాట ఉందని, కలుపు తీసేటప్పటిదని, వచ్చే వారం పాడి పంపనా అని అడిగింది.

"పంపు మే," అన్నాడు జయరాజు.

ఫోను పెట్టేశాక ఒక మనిషికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు.