మగ్గం గుంతకు చోటున్న ఇల్లు

మా ఆయనకు పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు కాబట్టి రోజూ ధర్మవరం నుంచి తిరగడం కుదరదు. పిల్లల బడికి హిందూపురమే మేలని ఆయన పట్టు. నాకు కావలసింది ఒక్కటే, గుంత తవ్వుకోనిచ్చే నేల. నేను పట్టుచీరలు నేస్తాను. మా మగ్గాన్ని కాళ్లు గుంతలో పెట్టి తొక్కాలి. గుంత లేకపోతే మగ్గం లేదు, నాకు పనీ లేదు. పనిని వెంటబెట్టుకుని ఊరు మారే ఆడవాళ్లెవరైనా ఉంటే నా తిప్పలు చదవండి.

పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాం. బస్సుకంటే టికెట్ తక్కువ, నేరుగా హిందూపురంలో దింపుతుంది. స్టేషన్ బయట ఆటో అబ్బాయి నా మాట విని నవ్వాడు. "కొత్త లేఅవుట్లలో అన్నీ బండలే అక్కా, మట్టి యాడుంటాది?" అతను చెప్పిందే నిజమైంది. మొదటి ఇంటాయన కిందే కిరాణా అంగడి నడుపుతున్నాడు. "మగ్గమా! టకటకా అంటానే ఉంటాది. కుట్టుమిషన్ పెట్టుకోమ్మా, అదీ పనే కదా" అన్నాడు. ఒళ్లు మండింది. "కిరాణా తీసేసి టీ అంగడి పెట్టమంటే పెడతారా సార్?" అని మెట్లు దిగేశాను. తర్వాత, గుంత సంగతి ఫోన్లోనే చెప్పినా, బ్రోకర్ మమ్మల్ని ఇంకో ఇంట్లో రెండో అంతస్తుకు ఎక్కించాడు. "గాలి బాగొస్తాది మేడమ్" అట! "గుంత యాడ తవ్వాలప్పా? కిందోళ్ల వంటింట్లోకి నా కాళ్లు యాలాడాల్నా?" అని అరిచాను.

హిందూపురంలో ఇక దొరకదని తేలిపోయి, మధ్యాహ్నం సోమందేపల్లి మీదుగా పెనుకొండ బస్సు పట్టుకున్నాం. సీట్లో కూర్చోగానే మా ఆయన, "ఇంత తిప్పలెందుకు? మగ్గం అమ్మేసి సుఖంగా కూర్చో" అన్నాడు. పొద్దుటి నుంచి విన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చిన్నప్పుడు మా అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. పెనుకొండ వచ్చేదాకా ఆయన ముఖం చూడలేదు.

పెనుకొండ పాత వీధిలో ఇంటావిడ ముసలావిడ. కాదంటుందనే అనుకుని, గుంత కావాలని గట్టిగానే చెప్పాను.

"దానికెందుకమ్మా అరుస్తాండావు? ఆ మూల కొర్రలు పోసే పాతర ఉండె. పంటలు ల్యాక పూడ్చేసినాం. ఆడే తవ్వుకో."

మా ఆయన ఊరుకోలేదు. "ఈడ బడి దూరమవ్వా. నేల కూడా పాడైతాది."

"పగలంతా నువ్వు యాడుంటావప్పా?"

"ఫ్యాక్టరీలో."

"ఈ యమ్మ?"

"ఇంట్లోనే."

"మరి ఇల్లు ఎవురికి చూస్తాండావు?"

ఆయన పోయి ఆ మూల నేలను కాలితో తట్టి చూశాడు.

నా కోపం ఇంకా చల్లారలేదు. ఇంట్లో చేసే పనిని పని అనుకోరు, అందుకే దానికి చోటు అడిగితే గొంతెమ్మ కోరిక అంటారు. మీరు మాత్రం బ్రోకర్‌ను నమ్మకండి. బయల్దేరే ముందే ఇంటివాళ్లకు ఫోన్ చేసి, కింది ఇల్లేనా, నేల తవ్వనిస్తారా అని అడగండి.

తిరుగు రైల్లో ధర్మవరం దగ్గర పడుతుండగా మా ఆయన మెల్లగా అడిగాడు. "గడ్డపార మనకుండాదా, ఎవరినన్నా అడగాల్నా?"

"ఉండాది. తవ్వేది మాత్రం నువ్వే" అన్నాను.